మందల వెంట నడిచిన ప్రతిపాదన

1993 ఆగస్టు 16న కోదాడ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా చేరిన డాక్టర్ ప్రమీల గారు, సుమారు ముప్పై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కోదాడలో ఎనిమిదేళ్లు, మిర్యాలగూడలో పదేళ్లు బోధించి, 2011లో సూర్యాపేటలోని మా కళాశాలకు వచ్చిన వారు, ఇక్కడ ఒక మూలగదిని బాగు చేయించి, గొర్రెల కడుపులోని పరాన్నజీవులను పరిశీలించే ప్రయోగశాలగా తీర్చిదిద్దారు. సూక్ష్మదర్శినిని తొలిసారి ఆ గదిలోనే తాకిన పల్లె విద్యార్థులు ఎందరో!

2022లో ఆ గదికి గండం వచ్చింది. పరిశోధన ప్రాజెక్టు రాకుంటే దాన్ని సామాన్ల గది చేస్తామని కళాశాల కమిటీ తేల్చి చెప్పింది. అప్పటికే మేడం గారు పంపిన రెండు ప్రతిపాదనలు తిరిగొచ్చాయి. దరఖాస్తుదారుకు మూడేళ్ల సర్వీసు మిగిలి ఉండాలన్న నిబంధన వల్ల మూడోదే ఆఖరి అవకాశం. తిరిగొచ్చిన రెండోదానిపై, నమూనాల సేకరణ ప్రణాళిక ఆచరణసాధ్యం కాదన్న నిపుణుల వ్యాఖ్య చదివి వారికి ఒళ్లు మండింది. ఆ కోపం సెగ మా అందరికీ తగిలింది. అయినా పట్టు విడవక, కాగితాలను విశ్రాంత ఆచార్యులు స్టీఫెన్ గారికి చూపించారు. ఆయన ఒక్కటే అడిగారు: "అమ్మా, దీన్ని గొర్రెలు కాసేవాళ్లకు చదివి వినిపించారా?"

మర్నాడే మేడం గారు చివ్వెంల బస్సెక్కారు. గొర్రెల కాపరి పాపయ్య గారి వాకిట్లో కూర్చుని మొత్తం చదివారు. ఆయన ఓపికగా విన్నారు.

"అంత మంచిగనే ఉంది మేడం. కని ఏప్రిల్, మే నెలలల్ల గీడ గొర్లేడుంటయి? ఎండకాలం మందలన్ని హుజూర్‌నగర్ దిక్కు పోతయి. వానలు పడ్డంకనే మళ్ల ఒస్తయి."

"మరి నాకు సెలవులు అప్పుడే కదా!" అన్నారు మేడం.

పాపయ్య గారి భార్య కాటమ్మ గారు నవ్వారు. "మీ సెలవులు గొర్లకేం ఎరుక మేడం? ఖాళీ దొడ్లు సూసి పోతరా?"

దాదాపు ముప్పై ఏళ్ల అనుభవం గల ఆచార్యురాలు సిగ్గుపడ్డారు. ఆ సంగతి స్వయంగా మాకు చెప్పడానికి మాత్రం వెనుకాడలేదు. పాత ప్రణాళికను పక్కన పడేసి, ప్రతి రుతువులోనూ మందలున్న చోటికే వెళ్లేలా అంతా తిరగరాశారు. క్షేత్ర సలహాదారుగా పాపయ్య గారి పేరు చేర్చారు. మంజూరు ఉత్తరం అందిన రోజు, మా అందరి ముందూ కుర్చీలో కూలబడి కంటతడి పెట్టుకున్నారు. గది నిలిచింది.

ఆ ప్రాజెక్టు గడువు ఈ నెలతో ముగుస్తోంది. మరొకటి వస్తేనే గది మిగులుతుంది. అందుకని యువ అధ్యాపకురాలు రజిత తాను రాసిన ప్రతిపాదనను మొన్న మేడం గారి చేతికిచ్చారు. మేడం గారు ఆసాంతం చదివి, "ఇట్ల పంపితే తిప్పి కొడతరు బిడ్డా. మళ్ల రాయి. ఎన్నిసార్లు రాస్తే అన్నిసార్లు నేను చదువుత" అన్నారు.

మేము ఎన్నిసార్లు రాయవలసి వస్తుందో తెలియదు. కనుక డాక్టర్ ప్రమీల గారు నిండు ఆరోగ్యంతో, చెక్కుచెదరని చూపుతో, మా తప్పులన్నీ తీరేంత దీర్ఘకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.