కిందికి జారిన గీత

ఆదివారం పొద్దున. వంటింటి బల్ల మీద గ్రాఫు కాగితాలు. గణాంకాల ఆఫీసులో పనిచేసే తండ్రి, చూడ్డానికి వచ్చిన కూతురు.

“ఇంకెన్నిసార్లు చూస్తావు నాన్నా ఆ గీతల్ని? అరిగిపోతాయి.”

“రేపు పంపాలి తల్లీ. అయిదు దేశాల్లో జీవ ఇంధనాల వాడకం, ఇరవై ఏళ్లది. ఈ పైకెళ్లేది చలిదేశం. చెక్కపొట్టు కాల్చి కరెంటు తీస్తారు.”

“ఈ కిందికి జారేది?”

“మనది.”

“అయ్యో, మనమే ఆఖరా?”

“మా ఆఫీసరూ అదే అన్నాడు. వెనకబడ్డామని రాయమంటాడు. కాదండీ, మన దగ్గర జీవ ఇంధనమంటే పొయ్యిలో కట్టెలే, అవి తగ్గాయంటే ఆడవాళ్ల కళ్లమంట తగ్గిందని రాస్తానన్నాను. ఆ ఒక్క వాక్యం కోసం వారంనుంచీ పోట్లాట.”

“నువ్వు! పోట్లాట!”

“మీ అమ్మ బతికుంటే నమ్మేది కాదు.”

“సరే గానీ... తగ్గాయని ఎలా తెలిసింది?”

“ఇంటింటికీ తిరిగాం కదా. సిలిండర్ ఉన్న ఇంటికి కట్టెలు సున్నా అని వేసుకున్నాం.”

“అడక్కుండానే?”

“గ్యాసుండగా కట్టెలెవరు ఊదుతారే?”

“మనింటికీ సున్నాయేనా?”

“మొదటి సున్నా మనదే. సిలిండర్ ఏడు నెలలు వచ్చేది! మీ అమ్మ పొదుపు గురించి ఆఫీసంతా చెప్పుకున్నాను.”

“నాన్నా...”

“ఏంటి?”

“ఏం లేదు. టీ పెట్టనా?”

“ఇప్పుడేగా తాగాం. చెప్పు.”

“చెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

“ఎవరు? ...అమ్మా?”

“పాత పొయ్యి తీసెయ్యలేదు నాన్నా. వెనక రేకుల గదిలో పెట్టుకుంది. నువ్వు ఆఫీసుకెళ్లగానే వెలిగించేది. గ్యాసు నీ పొద్దుటి టీకి, స్నానం నీళ్లకి. ‘ఆయన హడావుడిగా వెళ్లేటప్పుడు అయిపోతే ఎలా’ అనేది.”

“మరి వంట?”

“వంటంతా అక్కడే. నువ్వొచ్చేలోపు చీర మార్చుకునేది.”

“ఆ పెన్నిలా ఇయ్యి.”

“నాన్నా? ఆ వాక్యం కొట్టెయ్యకు. చాలా ఇళ్లలో నిజంగానే తగ్గుంటాయి.”

“తగ్గుంటాయేమో. మనకేం తెలుసు? మళ్లీ తిరగాలి. ఈసారి ఆడవాళ్లనే అడగాలి.”

“ఏడవకు నాన్నా. నీకు తెలీదుగా.”

“మీ అమ్మకి దగ్గు మొదలైన కొత్తల్లో డాక్టరు అడిగాడు తల్లీ, ఇంట్లో పొగేమైనా ఉంటుందా అమ్మా అని. ఆవిడ నోరు తెరిచేలోపే లేదన్నాను. నేనే.”