రుమాలు మూలన అక్షరం

బడి గేటు దగ్గర తోడికోడళ్లిద్దరూ పిల్లల కోసం ఎదురుచూస్తున్నారు.

"మీ మరిదికి బుద్ధుందా అక్కా? టీచరుకీ ఆయాకీ క్రిస్మస్ కానుకలు చవగ్గా చూడమంటే సబ్బులు తెచ్చారు. స్నానం చేసి రండని చెప్పినట్టు లేదూ?"

"నేనైతే ఇంట్లో ఉన్నవే ఇచ్చేశా. ఆయాకి చేతిరుమాలు."

"చూశాను. మూలన 'ప' అని కుట్టుంది, అదేంటమ్మా అని ఆవిడ నన్నే అడిగింది."

"ఏం చెప్పావు?"

"అది మీ పేరులో మొదటి అక్షరమని ఆవిడకి చెప్పలేక, 'పండగ' అన్నాను."

"అయ్యో, అది నువ్విచ్చిందా?"

"మీ పుట్టినరోజుకని నేను నెల్లాళ్లు కూర్చుని కుట్టింది. ఒక్కసారైనా మడత విప్పారా అక్కా?"

"విప్పలేదే. కొట్లో కొన్నదేలే అనుకున్నా. తప్పు నాదే."