ముందు చెడగొట్టమన్న సారు

పెద్దలకూ, సెక్యూరిటీ అన్నలకూ, నాతో పాటు ఈ అంతస్తులన్నీ శుభ్రం చేసే అక్కచెల్లెళ్ళకూ దండం. నేను సీతాబాయిని. మైకు పట్టుకోవడం నాకిదే మొదలు. మాట తడబడితే ఏమనుకోకండి.

మనకు పని నేర్పే చెన్నకేశవులు సారు ఇక లేరు. పోయిన వారం ఈ క్యాంటీన్‌లోనే మనతో కూర్చుని అన్నం తిన్నారు. అంతలోనే గుండె ఆగిపోయిందన్నారు. నమ్మేదెట్లా?

నేల కడిగే మిషన్లు వచ్చిన రోజు గుర్తుందా? చీపుర్లతో పాటు మనల్నీ బయట పెడతారని అందరం పరేషాన్ అయ్యాం. నేనైతే మూసాపేటలో కిరాయి ఇల్లు ఖాళీ చేసినట్టే అనుకున్నాను. మిషన్ ముట్టమంటే ముట్టలేదు. కరెంటు కొడితే? గోడకు గుద్దితే? అద్దాలు పగిలితే?

అప్పుడు సారు ఏమన్నారు? "సీతమ్మా, ముందు చెడగొట్టు. నేర్చుకునేది తర్వాత." నడుస్తున్న మిషన్ మీద ఎర్ర మీట నొక్కించారు. అది కుయ్యిమని ఆగిపోయింది. "అయ్యో సచ్చినా, దేవుడా!" అని అరిచాను. ఆయన పడీ పడీ నవ్వారు. "ఇంతేనా? దీనికేనా ఇన్నాళ్ళు భయపడింది?" అన్నారు. మళ్ళీ నడిపించారు. నా చేతులతోనే నడిపించారు.

మన పింకీ సంగతి చూడండి. పని కంటే మాటలెక్కువని సూపర్‌వైజరు తీసేయబోయాడు. సారు అడ్డం పడ్డారు. "ఆ నోరు ఊరికే పోతా ఉంది. ఫోన్ దగ్గర కూర్చోబెట్టండప్పా" అన్నారు. ఇవాళ ఏ అంతస్తులో నీళ్ళు కారినా, ఏసీ ఆగినా ఫోన్ ఎత్తేది పింకీయే. తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా నవ్వుతూ పెట్టేస్తారు. ఏడవకమ్మా పింకీ.

మెట్లెక్కితే ఆయాసపడేవారు సారు. "జర దవాఖానకు పోయి చూపించుకోండి" అని ఎన్నిసార్లు పోరు పెట్టాను! "నీకు రోజుకొక ఫికర్ లేకుంటే పొద్దుపోదు" అని నవ్వేసేవారు. నేను జీవితమంతా భయపడుతూనే ఉన్నాను. భయపడ్డవాటిలో ఎన్నో జరగలేదు. ఇదొక్కటి జరిగింది.

నరేందర్ సారూ, మీరు మేనేజరు, ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వచ్చే నెల వాటంతట అవే తిరిగే మిషన్లు వస్తున్నాయట. సారు లేరు కనుక క్లాసులు ఆపేసి ఫోన్లో వీడియో పంపిస్తామన్నారు. వీడియో చూసి నేర్చుకోనివాళ్ళు ఇంటికేనట. మా రమ్య కొత్తగా చేరింది. భయంతో ఇంకా ఏ మిషనూ ముట్టలేదు. ఆమె తప్పు చేస్తే వీడియో నవ్వుతుందా? ఇంకోసారి చెయ్యమంటుందా?

క్లాసు ఆపకండి. ముందు నాకు నేర్పించండి, రమ్యకు నేను నేర్పుతాను. నాకు చదువు లేదు, భయం మాత్రం బోలెడుంది. భయపడుతూనే నేర్పుతాను.

రమ్యా, వెనకెందుకు, ఇటు నా పక్కకు రా. అందరూ లేవండి. సారును మనసులో తలుచుకుని, ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడదాం. ఆ తర్వాత మీరంతా కూర్చోండి. నరేందర్ సారు జవాబు చెప్పేదాకా మేమిద్దరం నిలబడే ఉంటాం.