ప్రశ్న రాసినవాళ్ల కుర్చీ

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన డైరెక్టరు గారికి, నాకంటే ముందే రిటైరై ఈరోజు నన్ను తమ జట్టులో కలుపుకోవడానికి వచ్చిన పెద్దలకు, ఎండనక వాననక గడపగడపా తిరిగి నేను రాసిన ప్రశ్నలు అడిగి నాకు రావలసిన తిట్లు తాము తిన్న సర్వే మిత్రులకు, మొదటి వరుసలో కూర్చుని అప్పుడే చేతి గడియారం వైపు చూస్తున్న మా ఆయనకు, ఆయన చూడకుండా చెయ్యి పట్టుకు కూర్చున్న నా మనవరాలికి, నమస్కారం.

ఇందాక మాట్లాడినవాళ్లంతా నన్ను ఓర్పుకు మారుపేరు అన్నారు. ఎదురుగా ఉన్న మనిషికి నచ్చే జవాబే చెప్పాలనే మొహమాటం అందరికీ ఉంటుందనీ, దాన్ని దాటి నిజం రాబట్టడమే మన పని అనీ కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెబుతాను. ఆ పాఠానికి ఇంతమంది కలిసి ఇంత చక్కటి ఉదాహరణ చూపిస్తారనుకోలేదు. (నవ్వులు)

నాకు ఆ పాఠం ఇంట్లోనే వచ్చింది. వంట ఎలా ఉందని ఎప్పుడు అడిగినా మా ఆయన "బాగుంది" అనే అంటారు. పెళ్లైన కొత్తలో నమ్మాను. తరవాత అడగడం మానేసి, గిన్నెలో ఎంత మిగిలిందో చూడటం మొదలుపెట్టాను. పరిశోధన అంటే అంతే, పెద్ద పెద్ద పుస్తకాలు చదివి వచ్చిన పిల్లలు ఏమీ అనుకోకపోతే.

వేదిక మీద నాకోసం వేసిన మెత్తటి కుర్చీ పక్కన ఈ పాత చెక్క కుర్చీ ఏమిటని అతిథులు అనుకుంటూ ఉంటారు. నేనే మోయించాను. మన ఆఫీసులో ఒక నియమం ఉంది. ప్రశ్నావళి ఎవరు రాసినా, అది బయటి మనుషుల దగ్గరికి వెళ్లేముందు రాసినవాళ్లే ఈ కుర్చీలో కూర్చోవాలి. ఇంకొకరు ఎదురుగా కూర్చుని ఆ ప్రశ్నలే అడుగుతారు. నిజం చెప్పాలి. అదీ నియమం. ఇప్పుడు ప్రశ్నలు ఫోన్లకే వెళ్తున్నాయి కాబట్టి, తప్పులు యంత్రమే చూసిపెడుతుంది కాబట్టి, పూట పట్టే ఈ కుర్చీ తతంగం ఎత్తేయాలని కంప్యూటర్ విభాగం నుంచి ఒక కాగితం డైరెక్టరు గారి బల్ల మీదికి వచ్చింది. నేను రిటైరయ్యాక చూద్దామని డైరెక్టరు గారు దాన్ని పక్కన పెట్టారు. నా నోటికి జడిసే పెట్టారు, గౌరవంతో కాదు. (నవ్వులు) రేపటి నుంచి ఆ జడుపు ఉండదు. అందుకే నాకు ఇవాళ ఈ పూలగుత్తి కంటే ఆ కాగితం మీదే మనసు ఉంది.

ఈ కుర్చీ కథ తెలియని చిన్నవాళ్ల కోసం చెబుతాను. ఒక బట్టల మిల్లులో ఖాళీగా ఒక గది ఉండేది. పనిచేసే తల్లులు అది పిల్లల గదిగా చేసిపెట్టమన్నారు, యజమాని అందులో బట్టల బేళ్లు పెట్టుకుంటానన్నాడు, అవసరం ఎంత ఉందో తేల్చమని మనల్ని అడిగారు. ప్రశ్నావళి రాసింది అప్పుడే పెద్ద చదువు చదివి చేరిన ఒక యువకుడు. పేరు చెప్పను, ఈ సభకు అధ్యక్షుడాయనే. (నవ్వులు) "మీరు పనికి వచ్చినప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మొదటి విడతలో దాదాపు తల్లులందరూ ఉన్నారనే చెప్పారు. యజమాని బేళ్ల కోసం గది ఊడ్పించడం మొదలుపెట్టాడు.

మరి గది కావాలని అడిగింది ఈ తల్లులేగా, అన్నాను. అంకెలు అబద్ధం చెప్పవు మేడమ్, అన్నాడు. అంకెలు చెప్పవు నాయనా, మనుషులు చెబుతారు, నా బిడ్డను చూసే దిక్కు లేదని ముక్కూమొహం తెలియనివాళ్లతో ఏ తల్లి అంటుంది, అన్నాను. నమ్మలేదు. తనదాకా వస్తే గానీ ఎవరికీ తెలియదు కదా. వరండాలో ఉన్న ఈ కుర్చీ లాక్కొచ్చి కూర్చోమన్నాను. అతని ప్రశ్న అతన్నే అడిగాను. ఉన్నారండీ, మా ఆవిడ, మా అత్తగారు, అన్నాడు దర్జాగా. అప్పుడు నా ప్రశ్న అడిగాను.

"నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు మీ అబ్బాయి ఎవరి దగ్గర ఉన్నాడు?"

తెలియదు. ఇంటికి ఫోన్ చేశాడు. అవతల ఆవిడ గొంతు నాకు కూడా వినిపించింది. "పక్కింటివాళ్ల దగ్గర. నేను బ్యాంకులో, అమ్మ ఆసుపత్రిలో. మీకు ఇవాళ గుర్తొచ్చాడా?" (పెద్దగా నవ్వులు. అధ్యక్షులు చేతులు జోడించారు.)

ఆ యువకుడు కుర్చీ దిగి, ప్రశ్న కొట్టేసి, నిన్న మీ బిడ్డ ఎవరి దగ్గర ఉంది అని రాసుకుని మళ్లీ మిల్లుకు వెళ్లాడు. బెదురుతున్న ఇంకో పిల్ల దగ్గర, తలుపు గొళ్లెం వేసిన గదిలో, మిల్లు గేటు బయట కాపలావాడి బల్ల కింద. అవీ జవాబులు. గదిలోకి బేళ్లు రాలేదు, ఉయ్యాలలు వచ్చాయి. ఇప్పటికీ ఉన్నాయి. నా జీతం, నా పదవులు, ఇందాక చదివిన సన్మాన పత్రం, ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఉయ్యాలల చప్పుడు ఒక్కటీ ఒక ఎత్తు.

ఇక అసలు సంగతి. నేను వెళ్లాక ఈ కుర్చీని ఉంచుతారా అని అడిగితే, పూలు పట్టుకు నిలబడ్డ ముసలిదాని మొహం మీద లేదని ఎవరంటారు? అది చెడ్డ ప్రశ్న. మంచిది అడుగుతాను. పోయిన నెల నేను కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాను. అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. ఆ రోజుల్లో ఈ కుర్చీలో మీలో ఎవరు కూర్చున్నారు? చేతులెత్తండి.

(వెనక వరుసలో ఒకే ఒక చెయ్యి లేచింది.)

అరె, కాగితం రాసిన కంప్యూటర్ బాబే. మైకు ఇవ్వండి. ఏమైంది నాయనా?

("ఊరికే, పనికిరాదని నిరూపిద్దామని కూర్చున్నానండీ. రోజుకు ఎంతసేపు ఫోన్ చూస్తారని నా ప్రశ్నే నన్ను అడిగారు. గంట అన్నాను. గది అంతా నవ్వింది. మొదటి ప్రశ్నకే అబద్ధం చెప్పాను మేడమ్. ఆ కాగితం ఇవాళ పొద్దున్నే వెనక్కి తీసుకున్నాను." చప్పట్లు. మేమూ కూర్చున్నామంటూ ఒకరి తరవాత ఒకరుగా చేతులు లేచాయి.)

చాలు, దించండి, చేతులు నొప్పెడతాయి. నా కళ్లలో నీళ్లు ఆపరేషన్ వల్ల వచ్చినవి, ఎవరూ ఇంకోలా రాసుకోకండి. (నవ్వులు)

ఇందాక ఆఫీసువాళ్లు నాకొక అభిప్రాయ పత్రం ఇచ్చారు. ఇక్కడ మీ అనుభవం ఎలా ఉంది అని అడిగి, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు అని మూడే గళ్లు పెట్టారు. బాగోలేదనడానికి చోటే లేదు. రాసినవాళ్లెవరో రేపు పొద్దున ఈ కుర్చీలో కూర్చోండి, సరిచేసి పంపండి, అప్పుడు నింపుతాను. జవాబు మాత్రం ముందే చెబుతాను, మొహమాటం లేకుండా. చాలా బాగుంది.

నన్ను భరించిన మీకు, మీకంటే ఎక్కువ భరించిన మా ఆయనకు కృతజ్ఞతలు. ఆయన మళ్లీ గడియారం చూశారు. సెలవు.