వెయ్యికి పదకొండు

మీ తాత సంగతా? ఆయన గురించి మొదలుపెడితే నా ఆయాసం కూడా నాకు గుర్తుండదే అమ్మడూ! మా అక్క మొగుడు కదా, బావా బావా అంటూ తోకలా తిరిగేవాణ్ణి. ఇద్దరిదీ ఫ్యాక్టరీలో బొగ్గు బట్టీల పనే. నేను కింద, ఆయన బట్టీ నెత్తిమీద. మూత తీస్తే చాలు, పసుపుపచ్చ పొగ మొహాన కొట్టేది. ఎక్కడున్నాం? ఆఁ, డాక్టరమ్మ! ఆ పొగ మా ఒంటిని లోపల ఏం చేస్తోందో చూస్తానని వచ్చింది. చెక్కపుల్లతో బుగ్గ లోపల గీకి, గాజుపలక మీద పూసి, మనిషికి వెయ్యి కణాలు లెక్కపెట్టేది. జన్యువులు దెబ్బతింటే కణంలో గింజలాంటి కేంద్రకం పక్కన చిన్న తునక కనిపిస్తుందట. మావాళ్ళు ఊరుకుంటారా? "మెల్లిగా గీకమ్మా, నిన్నటి కూర బయటపడుతుంది!"

తునకలు ఎక్కువని తేలితే పొగ లాగే గొట్టాలు పెట్టిస్తానన్నాడు మేనేజరు. అప్పటికి మీ అమ్మ మా అక్క కడుపులో ఐదో నెల. "పిల్లకేమైనా అవుతుందా?" అని బావ అడిగితే, "బుగ్గ లెక్క బుగ్గదే, పిల్ల సంగతి ఇది చెప్పదు" అంది డాక్టరమ్మ. ఇక ఆయనకి నిద్రేది? తీరా చూస్తే, సగటున బట్టీవాళ్ళకి వెయ్యికి పదకొండు, ఆఫీసు గుమాస్తాలకి పది! మేనేజరు ముసిముసిగా నవ్వి, "కుర్చీలో కూర్చున్నా అంతే, బట్టీ మీద నిలబడ్డా అంతే. మరి పొగ చేసిందేముంది?" అన్నాడు. అప్పుడు లేచాడు చూడూ మీ తాత! "అయ్యా, ఆ గుమాస్తాల కిటికీలు ఎటున్నాయో చూశారా? మా పొగ ముందు వాలేది మీ ఫైళ్ళ మీదే. తడిసినవాడి పక్కన తడిసినవాణ్ణే నిలబెట్టి, వాన పడలేదంటారేంటండీ!"

మర్నాడే గుట్ట అవతలికి, మా పొగ సోకని ఊరికి పోయాడు. వయసుకి వయసు, సిగరెట్టు కాల్చేవాడికి కాల్చేవాడు, మా ముప్పై మందికీ జోడుగా ముప్పై మందిని బతిమాలి డాక్టరమ్మ దగ్గరికి బస్సెక్కించాడు. వాళ్ళకెంతో చెప్పుకో! కాదు. ఐదూ కాదు. మూడు! వెయ్యికి మూడే! మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. మూణ్ణెల్లలో గొట్టాలొచ్చాయి. మీ అమ్మ నిక్షేపంలా పుట్టి ఆసుపత్రి పైకప్పు ఎగిరేలా ఏడ్చింది. ఏడాదికి మళ్ళీ గీకితే మాకు ఐదుకి దిగింది. "బుగ్గ పొర పాతది పోయి కొత్తదొస్తుందట్రా, బామ్మర్దీ!" అని నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. తిప్పుతూనే దగ్గాడు. నవ్వుతూనే దగ్గాడు. బుగ్గంటే కొత్త పొర వస్తుంది, సరే... ఊపిరితిత్తులకి...

ఆ ఫ్యాను కాస్త పెంచమ్మా.