గులాబీ రంగు మాత్ర

"తాతయ్యా, నాయనమ్మ మాత్రలు అయిపోయాక ఖాళీ స్ట్రిప్పులు ఎందుకు దాస్తున్నావు?"

ఎందుకంటే... ముందు ఆ ఫోను అటు పెట్టు. రికార్డింగా? ఎవరికి పంపుతావేవిటీ? సరే, నీ ఇష్టం. ఇందులో నా గొప్పేం లేదు, నా బుద్ధి గడ్డి తిన్న సంగతే.

నీకు తెలుసుగా, నేను ఎవర్నీ ఓ పట్టాన నమ్మను. పెడనలో అరవై ఏళ్ళు... కాదులే, యాభై ఐదు, నువ్వు మళ్ళీ పట్టుకుంటావు... కలంకారీ అద్దకం చేసినవాణ్ణి. మా నాన్న, అంటే మీ ముత్తాత, ఎవరు రంగు తెచ్చినా గుడ్డ ముక్క మీద అద్ది, ఆరాక కాలవలో జాడించేవాడు. రంగు నీళ్ళలోకి దిగిందా, దొంగ సరుకు. దిగలేదా, అసలుది. ఓసారి సొంత బావమరిది తెచ్చిన రంగు దిగితే, భోజనం కూడా పెట్టకుండా పంపేశాడు. మా అమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదులే. బందరుకి బస్సు టిక్కెట్టు ముప్పావలా ఉన్న రోజులవి. ఏం చెబుతున్నానూ?

ఆఁ, మాత్ర. మీ నాయనమ్మకి గుండెలో స్టెంటు వేశారా, నువ్వప్పుడు బెజవాడ హాస్టల్లో ఉన్నావు. నాలుగు రకాల మాత్రలు రాశారు. బీపీకొకటి, కొవ్వుకొకటి, రక్తం గడ్డ కట్టకుండా రెండు. ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు గదా, చేతిలో పెట్టేది నేనే. రెండు నెలలు బానే గడిచింది. మూడో నెల మందుల షాపాయన ఓ తెల్ల మాత్ర బదులు గులాబీ రంగుది ఇచ్చాడు. "కంపెనీ వేరండీ, మందు ఒకటే" అన్నాడు. అన్నాడే గానీ నా మొహం చూసి అనలేదు, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ అన్నాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

ఇంటికొచ్చి ఏం చేశాననుకున్నావు? గ్లాసులో నీళ్ళు పోసి మాత్ర వేశా. కాసేపటికి నీళ్ళు గులాబీ రంగయ్యాయి! ఇంకేవుంది, దొరికావురా దొంగా అనుకున్నా. మా నాన్నని తలుచుకుని మీసం కూడా తిప్పానంటే నమ్ము. ఆ మాత్ర ఆపేశా. షాపాయన్ని నిలదీశానా? లేదు. డాక్టరుకి ఫోన్ చేశానా? చెయ్యలేదు. వాళ్ళూ వాళ్ళూ ఒకటేమోనని అనుమానం. మీ నాయనమ్మక్కూడా చెప్పలేదు. నాలుగు మాత్రలకి మూడే పెట్టేవాణ్ణి. ఆవిడ అరచేతిలోకి చూస్తుందా? నోట్లో వేసుకుని నీళ్ళు తాగడమే.

తొమ్మిదో రోజు పొద్దున మినప్పప్పు కడుగుతూ ఛాతీ పట్టుకుని కూలబడింది. ఒళ్ళంతా చెమటలు. ఆటోలో బందరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, నా ఒళ్ళో తల పెట్టుకుని, "మాత్రలన్నీ వేసుకుంటున్నాగా, ఎందుకొచ్చిందండీ ఇలా?" అంటుంది.

డాక్టరమ్మ వచ్చి "మాత్రలేవైనా మానేశారా?" అనడిగింది. మీ నాయనమ్మకి మాట సరిగ్గా రావట్లేదు. అయినా సరే, "మా ఆయన ఒక్క పూట కూడా తప్పించలేదమ్మా" అంది.

అబ్బా... తల్లీ, ఆ మాట. నోరు మూసుకుని ఊరుకుందామనే అనిపించింది, నీ దగ్గర దాపరికం ఎందుకు. కానీ నేను ఊరుకుంటే వీళ్ళు ఇంకేదో అనుకుని ఇంకేదో మందిస్తారేమో, మనిషి దక్కదేమోనని భయమేసింది. ఆవిడ ముందే "నేనే ఆపానండీ" అన్నా. రంగు సంగతంతా చెప్పా. డాక్టరమ్మ చెడామడా తిట్టింది. అది మాత్ర పైపూతట, నీళ్ళలో కరగడం మామూలేనట. స్టెంటు వేశాక అడక్కుండా ఆ మందు ఆపితే లోపల రక్తం గడ్డ కడుతుందట. "అనుమానం రావడం తప్పు కాదండీ, రెండు స్ట్రిప్పులూ పట్టుకొచ్చి అడక్కపోవడం తప్పు" అంది. అందుకే ఈ ఖాళీవి. కొత్తది తెచ్చినప్పుడల్లా పక్కన పెట్టుకుని, రంగు కాదు, చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు కూడబలుక్కుని చూస్తా. తేడా ఉంటే ఆస్పత్రికే ఫోన్ చేస్తా. ఆ షాపాయన్ని ఇప్పటికీ నమ్మను, అది వేరే సంగతి.

ఎలాగో బతికించారు. నాలుగో రోజు వార్డులో నర్సమ్మ మాత్రలు నా చేతికిచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టుకున్నా. మీ నాయనమ్మ ఎప్పట్లాగే చెయ్యి చాపింది. ఏవిటని కూడా అడక్కుండా నోట్లో వేసుకుంది. ఈ రోజుకీ అంతే. "ఒసే, ఇదేం మాత్రో ఒక్కసారి అడగవే" అని బతిమాలతా. నవ్వుతుంది. ఊళ్ళో అందర్నీ అనుమానించినవాణ్ణి, నన్నొక్కరు అనుమానిస్తే బాగుండునని...

ఏవిటీ, ఇకనించి నువ్వు చూస్తానంటావా? చల్లగా ఉండు తల్లీ. వెళ్ళి ఇవాళ్టి మాత్రలు నువ్వోసారి చూసి రా. నన్ను చూడకు, స్ట్రిప్పు చూడు.