ఊక లేని మిల్లు

ఆ బొమ్మ మిల్లుకు బాయిలర్ ఈశాన్యంల ఎందుకున్నది అంటవా? మోతె ఊరి దామోదర్ పటేల్ పెట్టిండు, అందుకున్నది. ఎవ్వలు ముట్టలె దాన్ని.

సుదర్శన్ సేటు కాళ్లు పడిపోయి మంచం పట్టిండు గదా, గప్పుడే మిర్యాలగూడల ఆయన రైస్ మిల్లు కొడుకులు అమ్మిన్రు. కొన్నోళ్లు కూలగొట్టి ప్లాట్లు చేసిన్రు. మిల్లు కూలంగ సేటు సూడలె. మనుమడు మణిదీప్, తాతకు పొద్దుపోవాలని మంచం పక్కన బల్ల ఏసి, పట్టాలు పరిచి, బొమ్మ రైలు తిప్పిండు. స్టేషన్ పెట్టిండు, గేటు పెట్టిండు. "అన్ని ఉన్నయ్ గని నా మిల్లు లేకపాయె. ఒక్కసారి సూడాలని ఉన్నది" అన్నడు సేటు. పక్కనే కూసున్న పాత దోస్తు దామోదర్, "నేను చేస్త" అన్నడు. మణిదీప్ ఫారిన్ నుంచి తెప్పించిన బొమ్మ ఇండ్ల డబ్బలు, ముక్కలు ముక్కలుగ వస్తయి చూడు అతికిచ్చుకునేటియి, అవన్ని ఎత్తుకపోయిండు.

ఒకనాడు సాయంత్రం అట్టడబ్బ సంకల పెట్టుకొని వచ్చిండు. సేటు మంచం, రైలు బల్ల వరండాలనే ఉన్నయ్. సేటు భార్య శ్యామలమ్మ చాయ్ పోస్తున్నది. మిల్లుల హమాలీ మేస్త్రిగ చేసిన బిక్షపతి మెట్ల మీద కూసున్నడు. సేటు కండ్లు డబ్బ మీదనే ఉన్నయ్. దామోదర్ డబ్బ తెరవలె, దాని మీద చెయ్యి పెట్టి మాట ఎత్తుకున్నడు.

"ముందుగాల చిన్న పనే సేటూ. సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి, చర్చి ఒకటి, గొడ్ల కొట్టం ఒకటి విప్పిన. ఏది దేనికి అతకది. ఫ్యాక్టరీని నడిమికి కోసిన, కొట్టాన్ని గోదాం చేసిన, చర్చి గోపురం కోసి వడ్లు పైకెత్తేటి ఎలివేటర్ నిలబెట్టిన. పొగగొట్టానికి మా కోడలు లిప్‌స్టిక్ డబ్బి."

"దేవుని గోపురం కోసినవా పటేలా" అన్నది శ్యామలమ్మ.

"అడిగే కోసిన వదినా. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? అతికిచ్చి పక్కకు పెట్టి పండుకున్న. లేచి సూస్తే లోపట గర్రున సప్పుడు. మోటర్ లేదు, కరెంట్ లేదు, ఎలివేటర్ దానంతట అదే తిరుగుతున్నది. సరె అని గుప్పెడు వడ్లు పోసిన. అటు దిక్కు సన్నబియ్యం పడ్డయ్, ఒక్క నూక లేదు."

"నూక లేకుంట మన మిల్లుల గూడ రాలె" అన్నడు బిక్షపతి.

"మీ మిల్లుల రాళ్లు గూడ వచ్చినయ్ తియ్యి. ఇగ మొయ్యనీకి మనుషులు పట్టరు గదా, చీమలను పెట్టిన. మొదాలు మోతె చీమలు, మనయే, మాట వింటయ్. పని పెరిగితె అనంతగిరియి వచ్చినయ్, కోదాడయి వచ్చినయ్. కోదాడ చీమలు జర ఆంధ్ర తీరు, 'ఏవండీ, కూలి ఎంతిస్తారండీ' అని అడిగినయ్. ఈ బిక్షపతి లెక్క ఒక మేస్త్రి చీమ తయారై, కూలి పెంచమని బంద్ పెట్టిచ్చింది."

"పెంచినవా మరి?" అన్నడు బిక్షపతి.

"పెంచక? నేనేమన్న సేటునా."

సేటు మూతి జర కదిలింది. "డబ్బ తెరువు పటేలా" అన్నడు.

"ఆగు, అసలు ముచ్చట ముందలున్నది. మా గల్లి నుంచి సూర్యాపేట దాక వడ్ల ట్రాక్టర్లు లైన్ కట్టినయ్. ఎందుకో చెప్పనా? నేను తేమ ఉన్నదనలె, తాలు ఉన్నదనలె, ఒక్క రైతు దగ్గర తరుగు తియ్యలె. గిసొంటి మిల్లు పుట్టినంక సూడలేదని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నరు."

"తడి వడ్లు తెచ్చేటోళ్లల్ల మొదటోడివి నువ్వే" అన్నడు సేటు.

"గందుకే నాకు ఎర్కైంది ఆ బాధ. ఇగ బియ్యం బొమ్మ రైలుకు ఎత్తినం. రైలు బల్ల దిగింది, గడప దాటింది, స్టేషన్ కాడ పెద్ద పట్టాలెక్కింది. గుంటూరు పోయేటి ఎక్స్‌ప్రెస్ పక్కకు జరిగి దారిచ్చింది. బియ్యం పోయి పోయి ఓడలెక్కినయ్. మిగిలినయి వండుదామంటె ఎసరుకు నీళ్లు చాలయి. పెద్దవూర కాడికి పోయి సాగర్ నీళ్లన్ని తెచ్చి పొయ్యి మీద పెట్టినం. సగం ఉడికినయ్, సగం పలుకు మీదనే దించినం."

సేటు మోచేతుల మీద జర లేచిండు.

"గన్ని బియ్యం పట్టినవ్ గదా పటేలా. ఊక ఏడ పోసినవ్?"

దామోదర్ డబ్బను జర దగ్గరికి గుంజుకున్నడు. మిర్యాలగూడల ఎవన్నడుగు, బియ్యం కన్న ముందు ఊక కుప్ప కనవడ్తది, దాని బూడిద కండ్లల్ల పడ్తది. సాగర్ నీళ్లు ఎసరు పెట్టినోనికి గుప్పెడు ఊక యాదికి రాలె. బిక్షపతి నవ్వి నవ్వి చాయ్ మీద పోసుకున్నడు.

"ఇగ తెరువు" అన్నడు సేటు.

దామోదర్ డబ్బ తెరిచి మిల్లు తీసి పట్టాల పక్కన పెట్టిండు. అప్పుడు ఎర్కైంది అందరికి, గంతసేపు ఎందుకు మాట్లాడిండో. ఎలివేటర్ ఒక దిక్కు ఒరిగింది. ఏడ సూసినా గమ్ము మరకలే.

"గింత ఏటవాలు కప్పేంది? మనకాడ మంచు కురుస్తదా?" అన్నడు బిక్షపతి.

"బాయిలర్ ఈశాన్యంల పెట్టినవ్. ఈశాన్యంల నిప్పు పెడ్తరా ఎవరన్న?" అన్నడు సేటు.

"పట్టాలు అడ్డమొచ్చినయ్ సేటూ."

"అయితే పట్టాలు జరుపు."

అంటనే సేటు చెయ్యి చాపి మిల్లు గేటు పట్టుకున్నడు. పచ్చ రేకు గేటు. దానికి కింద ఒక సొట్ట. ఎన్కట అసలు గేటుకు దామోదర్ వడ్ల ట్రాక్టర్ రివర్స్ చేసుకుంట తలిగిచ్చిన సొట్ట అది. దాని మూలంగ ఇద్దరు ఒక పంట కాలం మాట్లాడుకోలె. సేటు ఆ సొట్ట మీద బొటనవేలు పెట్టి చాన సేపు తియ్యలె.

"పొద్దుగాల ఊక తే" అన్నడు. "ఈడ కుప్ప పోసి, బాయిలర్ మార్చు. గప్పుడు ఇది నా మిల్లు అంట."

"తెస్త" అన్నడు దామోదర్. ఇంకొక్క మాట కలపలె. గట్లనే లేచి ఇంటికి పోయిండు.

పొద్దుగాల తలుపు కొట్టంగనే ఊక తెచ్చిండనుకున్నది శ్యామలమ్మ. దామోదర్ కొడుకు నవీన్ నిలబడ్డడు, చేతుల ఏం లేదు. అందరి భయం సేటు గురించే ఉండె. తెల్లారేసరికి పానం పోయింది మాత్రం దామోదర్‌ది.